ఆ మూడు వంతులు ఎవరి ఖాతాలో పడ్డాయి?

సంపాదకుడు గారికి నమస్కారం.

అమెరికా రాజ్యాంగం ప్రస్తావన వచ్చినప్పుడల్లా మన దగ్గర ఒకే వాక్యం వినిపిస్తుంది: 'నల్ల బానిసను ఐదింట మూడు వంతుల మనిషిగా లెక్కగట్టారు.' మొన్న మీ ఆదివారం అనుబంధంలోనూ అదే వచ్చింది. గ్రూప్స్ కోచింగ్ నోట్సుల్లోనూ అదే. అది చదివినవాళ్లకు, పూర్తి మనిషిగా లెక్కించి ఉంటే న్యాయం జరిగేది కదా అనిపిస్తుంది. ముప్ఫై ఏళ్లు చరిత్ర పాఠం చెప్పినవాడిగా ఇది చూస్తూ ఊరుకోలేకపోతున్నాను.

1787లో ఫిలడెల్ఫియాలో రాజ్యాంగం రాసిన సభలో 'బానిసలను పూర్తిగా లెక్కించండి' అని పట్టుబట్టింది బానిసల యజమానులే. దిగువ సభలో సీట్లు జనాభాను బట్టి వస్తాయి మరి. సౌత్ కరోలినా, జార్జియా ప్రతినిధులకు బానిస ఓటు అక్కర్లేదు, తల మాత్రం లెక్కకు కావాలి. ఉత్తరాదిలో చాలామంది అసలు లెక్కించొద్దన్నారు. చివరికి 1783లో పన్నుల కోసం అనుకున్న ఐదింట మూడు వంతుల లెక్కనే తెచ్చి ఇక్కడ పెట్టారు.

ఒకసారి క్లాసులో బోర్డు మీద ఈ లెక్క వేశాను. వందమంది బానిసలుంటే రాష్ట్ర జనాభాకు అరవై కలుస్తుంది. వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి లేచి, "మరి ఆ అరవై మంది తరఫున ఓటెవరు వేశారు సార్?" అంది. నాకు కాసేపు మాట రాలేదు. దొర వేశాడమ్మా అన్నాను. వాళ్లను కొట్టినవాడు, వాళ్ల పిల్లలను వేలంలో అమ్మినవాడు.

1790 జనాభా లెక్కల్లో వర్జీనియాలో స్వేచ్ఛాపరులు సుమారు 4.55 లక్షలు, పెన్సిల్వేనియాలో సుమారు 4.31 లక్షలు. పెద్ద తేడా లేదు. కానీ సీట్లు వర్జీనియాకు 19, పెన్సిల్వేనియాకు 13. వర్జీనియాలోని దాదాపు 2.93 లక్షల మంది బానిసలు తెచ్చిపెట్టిన తేడా అది. అధ్యక్షుణ్ణి ఎన్నుకునే ఓట్లు కూడా ఈ సీట్లను బట్టే వచ్చాయి. మొదటి 36 ఏళ్లలో 32 ఏళ్లు వర్జీనియా వాళ్లే అధ్యక్షులుగా ఉండటానికి ఇదొక్కటే కారణమని అనను గానీ, ఇది పక్కన పెట్టే విషయమూ కాదు.

ఆ రాజ్యాంగ సభలో ఎవరూ అడగలేదా అంటే, అడిగారు. పెన్సిల్వేనియా ప్రతినిధి గవర్నీర్ మోరిస్ ఆగస్టు 8న నిలదీశాడు. వాళ్లు మనుషులైతే పౌరులను చేసి ఓటు వేయనివ్వండి, ఆస్తి అయితే మిగతా ఆస్తిని ఎందుకు లెక్కించరు అని. సౌత్ కరోలినా వరి మడుల్లో ఉన్న బానిసలందరి కంటే ఈ ఫిలడెల్ఫియా ఊళ్లో ఇళ్ల ఖరీదే ఎక్కువ కదా అన్నాడు. అంత సూటిగా అడిగినా ఆ నిబంధన అలాగే ఉండిపోయింది.

ఆ నిబంధన చదివితే 'బానిస' అనే మాట కనిపించదు. 'ఇతర వ్యక్తులందరూ' అని ఉంటుంది. రాజ్యాంగంలో 'బానిసత్వం' అనే మాట మొదటిసారి కనిపించేది 1865లో, బానిసత్వాన్ని రద్దు చేసిన 13వ సవరణలోనే. చేసే పని తప్పని తెలిసినవాళ్లు పేరు పెట్టడానికి జంకారని నా నమ్మకం. అదే రాజ్యాంగంలో 1808 దాకా బానిసల దిగుమతిని నిషేధించకూడదని రాసుకున్నారు. పారిపోయినవాణ్ణి పట్టి యజమానికి అప్పగించాలని కూడా రాసుకున్నారు.

1868లో 14వ సవరణతో పూర్తి లెక్క వచ్చింది. ఆ తర్వాత దక్షిణాది రాష్ట్రాలు అక్షరాస్యత పరీక్షలు, పోల్ ట్యాక్స్ (ఓటు వేయాలంటే కట్టాల్సిన పన్ను), బెదిరింపులతో నల్లవాళ్ల ఓటు లాక్కున్నాయి. ఇప్పుడు వందకు అరవై కాదు, వందకు వందా సీట్ల లెక్కలోకి వచ్చారు. ఓటు మాత్రం మళ్లీ తెల్లవాళ్లదే. 1965 ఓటు హక్కు చట్టం దాకా చాలాచోట్ల ఇదే నడిచింది.

జనాభాను బట్టి సీట్లు అనే మాట డీలిమిటేషన్ పేరుతో మనం కూడా తరచూ వింటున్నాం కాబట్టి, ఈ చరిత్రను సగం చెప్పి వదిలేయొద్దని కోరుతున్నాను. వీలైతే ఆ నిబంధన మొత్తాన్ని తెలుగు చేసి, వర్జీనియా, పెన్సిల్వేనియా లెక్కలు పక్కన పెట్టి ఒక పేజీ వేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు,
ఖమ్మం