మనవడి తెలివి విషయమై అబ్బాయికి

చిరంజీవి శ్రీకాంత్‌కు అమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ మీ నాన్నగారూ నేనూ క్షేమం. అభి చదివే బడికి ఎవరో వచ్చి, వేలిముద్రలు తీసుకుని పిల్లలకు పుట్టుకతో వచ్చిన తెలివి ఎంతో, ఎందులోనో చెబుతామన్నారనీ, డబ్బు కట్టమంటావా వద్దా అనీ అడిగావు. కట్టవద్దు. వేళ్ల మీది గీతలు గర్భంలో మూడో నెల నుంచి ఏర్పడుతూ ఆరో నెలకల్లా స్థిరపడిపోతాయి. మెదడు మాత్రం పుట్టాక కూడా ఏళ్ల తరబడి పెరుగుతూ, మారుతూనే ఉంటుంది. ఆ పరీక్షకు శాస్త్రీయమైన ఆధారం లేదని మానసిక వైద్యుల సంఘమైన ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ ఎప్పుడో ప్రకటించింది. నా దృష్టిలో అది కంప్యూటర్ నేర్చిన హస్తసాముద్రికం.

నీ ఉత్తరంలో అంతకన్నా పెద్ద ప్రశ్న ఒకటి ఉంది. రెండో తరగతికి వచ్చినా అభికి కూడికలు, తీసివేతలు పట్టుబడటం లేదనీ, అది మన వైపు నుంచి వచ్చిందో, లలిత పుట్టింటి వైపు నుంచి వచ్చిందో, లేక మీ పెంపకంలోనే లోటుందో తెలియడం లేదనీ రాశావు. పువ్వు పుట్టగానే పరిమళిస్తుందనీ, మొక్కై వంగనిది మానై వంగదనీ మనవాళ్లు సందర్భాన్ని బట్టి రెండూ అంటారు కనుక సామెతలను నమ్ముకుంటే ఈ వ్యవహారం తేలదు. ఇంటర్ పిల్లలకు ఇన్నేళ్లు జంతుశాస్త్రం చెప్పినదాన్ని కాబట్టి, నాకు తెలిసినంత వరకు వివరంగా రాస్తాను.

అనువంశికత లేదని నేననను. తెలివితేటల పరీక్షల్లో మనుషుల మధ్య కనిపించే తేడాలకు జన్యువులతో గట్టి సంబంధం ఉంది. పసితనంలోనే విడిపోయి వేర్వేరు ఇళ్లలో పెరిగిన కవలలను అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో థామస్ బుషార్డ్ 1979 నుంచి పరిశీలించి, ఐక్యూలోని, అంటే తెలివితేటల పరీక్షలో వచ్చే అంకెలోని, తేడాల్లో సుమారు 70 శాతానికి జన్యువులే కారణమని 1990లో ప్రకటించాడు. ఆ కవలలు పెరిగిన ఇళ్లలో కటిక పేదవి అరుదు కాబట్టి ఆ అంకెను కొంచెం తగ్గించి చదువుకోవాలని నా అభిప్రాయం. నాలుగు దేశాల కవలల వివరాలు కలిపి చూసి 2010లో ప్రచురించిన మరో పరిశోధనలో ఈ శాతం తొమ్మిదేళ్ల వయసులో 41, పన్నెండేళ్లకు 55, పదిహేడేళ్లకు 66గా తేలింది. వయసు పెరిగేకొద్దీ పెంపకం పేరుకుని జన్యువుల పాత్ర తగ్గాలి గదా అనుకుంటాం, జరిగేది తారుమారు. చిన్నపిల్లవాడికి ఏం ఇవ్వాలో పెద్దవాళ్లు నిర్ణయిస్తారు; పెద్దవుతున్నకొద్దీ తన పుస్తకాలను, స్నేహితులను, ఆసక్తులను తన స్వభావానికి తగినట్టు తానే వెతుక్కుంటాడు. అంటే జన్యువులు పని చేసేది కూడా చాలావరకు పరిసరాల ద్వారానే.

ఇక చదువుకున్నవాళ్లు కూడా తడబడే చోటికి వస్తాను. 70 శాతం అనే మాటకు, అభి బుర్రలో డెబ్బై పాళ్లు మనం పెట్టి పంపించాం, మిగిలిన ముప్పై పాళ్లు బడి పూరించాలి అని అర్థం కాదు. అది ఒక మనిషికి సంబంధించిన లెక్కే కాదు. ఒక కాలంలో, ఒక సమూహంలో, మనిషికీ మనిషికీ మధ్య ఉన్న తేడాలకు సంబంధించిన లెక్క. రిచర్డ్ లెవాంటిన్ అనే జన్యుశాస్త్రవేత్త 1970లో దీన్ని మొక్కజొన్నతో వివరించాడు. నేను మన వరితో చెబుతాను. రకరకాల గింజలు కలిసిన ఒకే బస్తా నుంచి రెండు గుప్పెళ్లు తీసి, ఒకటి ఎరువు వేసిన మడిలోనూ, మరొకటి చౌడు మడిలోనూ చల్లామనుకో. ఒక మడిలోని మొక్కలన్నిటికీ నేలా నీరూ ఒక్కటే కనుక వాటి మధ్య ఎత్తులో తేడాలన్నీ విత్తనం వల్ల వచ్చినవే. అయినా ఆ మడికీ ఈ మడికీ మధ్య కనిపించే తేడా మొత్తం నేల వల్ల వచ్చినదే.

వంశపారంపర్యంగా వచ్చినదాన్ని మార్చలేమనే మాట కూడా నిజం కాదు. ఫినైల్‌కీటోన్యూరియా అనే జబ్బు పూర్తిగా జన్యువుల వల్లే వస్తుంది. దాన్ని 1934లో నార్వే వైద్యుడు అస్‌బ్యోర్న్ ఫోలింగ్ గుర్తించాడు. పట్టించుకోకుండా వదిలేస్తే బిడ్డ మెదడు తీవ్రంగా దెబ్బతింటుంది. పుట్టిన తొలి రోజుల్లోనే రక్తపరీక్ష చేసి, ప్రోటీన్లలో ఉండే ఫినైలలనిన్ అనే పదార్థం తక్కువగా ఉన్న ఆహారం పెడితే ఆ బిడ్డ అందరిలాగే చదువుకుంటాడు. జన్యువు అదే, ఫలితం వేరు.

పేదరికం ఈ లెక్కను ఎలా మారుస్తుందో ఎరిక్ టర్క్‌హైమర్ బృందం 2003లో చూపించింది. అమెరికాలో ఏడేళ్ల కవలలను పరిశీలిస్తే, నిరుపేద ఇళ్లలో ఐక్యూ తేడాలకు దాదాపు 60 శాతం ఇంటి వాతావరణమే కారణమైంది, జన్యువుల వాటా సున్నాకు దగ్గరగా తేలింది. కలిగినవాళ్ల ఇళ్లలో ఇంచుమించు దీనికి వ్యతిరేకం. పశ్చిమ యూరప్‌లో ఈ ఫలితం ఇంత స్పష్టంగా రాలేదన్నది కూడా చెప్పాలి. 1999లో ఫ్రాన్స్‌లో మిషెల్ డ్యూమ్ ప్రచురించిన పరిశోధన నాకు మరీ ముఖ్యమనిపిస్తుంది. నిర్లక్ష్యానికి గురై, ఐక్యూ 86 కన్నా తక్కువ ఉన్న పిల్లలు నాలుగు నుంచి ఆరేళ్ల మధ్య దత్తతకు వెళ్లారు. కౌమారంలో మళ్లీ పరీక్షిస్తే, దత్తత తీసుకున్న కుటుంబాల స్థితిని బట్టి సగటున ఎనిమిది నుంచి పంతొమ్మిది పాయింట్ల దాకా పెరిగారు. నాలుగేళ్లు దాటాక కూడా అంత మార్పు సాధ్యమైంది.

పెంపకమంటే పాఠాలే అనుకోకు. తిండి, నీరు, ఉప్పు కూడా అందులోకే వస్తాయి. శ్రీకాకుళంలో పుట్టి, విశాఖలో వైద్యం చదివిన వులిమిరి రామలింగస్వామిగారు 1956లో హిమాలయాల పాదాల దగ్గర కాంగ్రా లోయలో ఒక పరిశోధన మొదలుపెట్టారు. వానలూ మంచూ అక్కడి మట్టిలోని అయోడిన్‌ను కడిగివేయడం వల్ల ఎంతోమందికి గొంతు దగ్గర థైరాయిడ్ గ్రంథి ఉబ్బి ఉండేది. కొన్ని ప్రాంతాలకు అయోడిన్ కలిపిన ఉప్పు, ఒక ప్రాంతానికి మామూలు ఉప్పు ఇచ్చి ఏళ్ల తరబడి గమనిస్తే, అయోడిన్ అందినచోట ఆ వాపు బాగా తగ్గింది. ఆ పరిశోధన గొంతువాపు మీదే సాగినా, గర్భిణికి అయోడిన్ చాలకపోతే కడుపులోని బిడ్డ మెదడు సరిగా ఎదగదన్న సంగతి తరువాతి కాలంలో గట్టిగా నిరూపితమైంది. తరతరాలుగా ఒక ఊళ్లో పిల్లలు మందకొడిగా పుడుతుంటే చూసినవాళ్లు అది వంశదోషమనే అనుకుంటారు. తాతకూ మనవడికీ కలిసినది రక్తమొక్కటే కాదు, ఆ మట్టి కూడా. 1962లో దేశవ్యాప్తంగా గాయిటర్, అంటే ఆ గొంతువాపు, నియంత్రణ కార్యక్రమం మొదలైంది. ఇలాంటి పని చేసిన మనవాడి పేరు మన బడుల్లో వినిపించకపోవడం నాకు బాధగా ఉంటుంది.

నీకూ లలితకూ నేరుగా పనికివచ్చే సంగతి మరొకటి ఉంది. ఐస్‌లాండ్ కుటుంబాలను పరిశీలించి 2018లో ప్రచురించిన ఒక పరిశోధనలో, తల్లిదండ్రులు బిడ్డకు ఇవ్వకుండా తమ దగ్గరే మిగుల్చుకున్న జన్యువులకు కూడా బిడ్డ చదువుతో సంబంధం కనిపించింది. బిడ్డకు అందిన జన్యువుల ప్రభావంలో అది సుమారు మూడోవంతు. అందని జన్యువు పని చేయాలంటే ఒకటే దారి: తల్లిదండ్రుల నడత, మాట, ఇంటి పద్ధతి. కాబట్టి ఏది మన వైపు, ఏది వాళ్ల వైపు అని పంచుకోవడానికి శాస్త్రంలో కూడా గీత గీయడం కుదరదు. లలిత ముందు ఆ ప్రస్తావన ఇక తేవద్దు.

ఇప్పుడు చేయవలసిన పని చెబుతాను. 1905లో పారిస్‌లో ఆల్ఫ్రెడ్ బినే, తియోడోర్ సిమోన్ తొలి తెలివితేటల పరీక్షను తయారు చేసింది, బడిలో వెనకబడుతున్న పిల్లల్లో ఎవరికి ప్రత్యేక సహాయం కావాలో తెలుసుకోవడానికి. తెలివి పెరగదనే వాదాన్ని బినే ఒప్పుకోలేదు. ఆ ఉద్దేశంతోనే అభిని చూడండి. ముందు కళ్లు, చెవులు పరీక్ష చేయించండి, రక్తహీనత ఉందేమో చూపించండి. ఆ తరువాత కూడికలో సరిగ్గా ఎక్కడ ఆగుతున్నాడో, అంకెలు గుర్తుపట్టడంలోనా, పదులు మార్చుకోవడంలోనా, లెక్కలోని వాక్యం చదివి అర్థం చేసుకోవడంలోనా అన్నది టీచరుగారిని అడుగు. ఆరు నెలలు ఓపికగా చెప్పించినా కదలిక లేకపోతే, గుర్తింపు పొందిన క్లినికల్ సైకాలజిస్టుకు చూపించండి. వేలిముద్రలకు పెట్టదలచిన డబ్బు దానికి ఉపయోగపడుతుంది.

లలితకు, అభికి మా ఆశీస్సులు. కళ్ల డాక్టరు ఏమన్నాడో ఫోన్ చేసి చెప్పు.

ఇట్లు,
మీ అమ్మ