నాన్న బండి బ్రేకు పైపుల గురించి తమ్ముడికి

డెట్రాయిట్ శివారు, మిషిగన్
డిసెంబరు 8

చి. తమ్ముడికి అన్నయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు పెద్దవి చేసి చూశాను. వెనక ఎడమ చక్రానికి పోయే పైపు, పెట్రోలు ట్యాంకు పక్కన క్లిప్పు పట్టుకున్న చోట పెచ్చులు లేచిపోయింది. పైన ఎర్రపొడి మాత్రమే ఉంటే కంగారు పడనక్కర్లేదు, గరుకు కాగితంతో రుద్దితే పోతుంది. గోరుతో గీకితే రేకులు రేకులుగా ఊడుతోందంటే మాత్రం పైపు గోడ సన్నబడిపోయినట్టే. కొత్తగా ఉన్నప్పుడే ఆ గోడ మందం 0.7 మిల్లీమీటర్లు. గట్టిగా బ్రేకు తొక్కితే లోపల చదరపు అంగుళానికి వెయ్యి పౌండ్లకు పైగా ఒత్తిడి వస్తుంది. పని పూర్తయ్యేదాకా నాన్నని ఆ మారుతి బయటికి తియ్యొద్దని చెప్పు. రైతుబజారుకి కూడా వద్దు. మాస్టర్ సిలిండర్లో, అంటే పెడల్ తొక్కితే ఆయిల్‌ని పైపుల్లోకి నెట్టే దాంట్లో, రెండు సర్క్యూట్లు (విడివిడి ఆయిల్ దారులు) ఉంటాయి, ఒకటి పోయినా రెండోది ఆపుతుందని ఆయన అంటారు. నిజమే, కానీ పెడల్ సగం కిందికి దిగిపోయి, బండి చాలా దూరం వెళ్ళాక ఆగుతుంది.

ఇక్కడ చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. డెట్రాయిట్ ఊరి కిందే, వెయ్యి అడుగులకు పైగా లోతున, పెద్ద ఉప్పు గని ఉంది. అందుకే ఈ చుట్టుపక్కల బ్రేకు పైపులు మార్చడం మామూలు పని. 2015లో ఇక్కడి రోడ్డు భద్రతా సంస్థ కూడా, పాత బండ్లవాళ్ళు అడుగుభాగం కడుక్కోండి, పైపులు చూపించుకోండి అని జనానికి చెప్పింది. భీమిలిలో మనకి ఉప్పు చల్లేవాడు అక్కర్లేదు, సముద్రం గాలే తెచ్చి పూస్తుంది. క్లిప్పు లోపల ఆ చెమ్మా మట్టీ ఇరుక్కుని ఆరవు. అందుకే పైపు నడిమధ్యలో బాగుండి క్లిప్పు కింద పుచ్చిపోతుంది. క్లిప్పులన్నీ ఊడదీసి చూడు, పైపైన చూసి వదిలెయ్యకు. దాని మీద నల్లరంగు కొట్టిస్తానని ఎవరైనా అంటే ఒప్పుకోకు, తుప్పు లోపల తన పని తాను చేసుకుపోతుంది.

ముందు ఒక మాట ఖాయం చేసుకో. పుచ్చిన ముక్క కోసేసి మధ్యలో అతుకు పెట్టడం వద్దు. షాపులో ఇత్తడి కంప్రెషన్ జాయింటు చూపిస్తారు. అది నీళ్ళ పైపులకీ గ్యాసుకీ పనికొస్తుంది, బ్రేకు ఒత్తిడికి జారిపోతుంది. రబ్బరు గొట్టం తొడిగి క్లాంపు బిగించడం అంతకన్నా ఘోరం. ఒక నట్టు నుంచి ఇంకో నట్టు దాకా పైపు మొత్తం మార్చు. ఒకటి పుచ్చిందంటే అదే వయసున్న రెండోది ఎంతో దూరంలో లేదు కాబట్టి వెనక రెండూ ఒకేసారి మార్చేస్తే మంచిది.

పైపు సంగతి. షెడ్డులో దొరికేది బండీ ట్యూబు, ఇనప రేకుని రెండు చుట్లు చుట్టి రాగితో అతికినది. బలం బాగానే ఉంటుంది, సముద్రం పక్కన మళ్ళీ తుప్పు పడుతుంది. ఏసీ మెకానిక్ దగ్గరుండే ఉత్త రాగి పైపు ముట్టుకోకు. అది బండి అదురుకి గట్టిపడి, చివరికి చిట్లుతుంది. నేను పంపేది రాగి, నికెల్ కలిపిన పైపు, 90 పాళ్ళు రాగి, 10 పాళ్ళు నికెల్. తుప్పు పట్టదు, చేత్తో వంగుతుంది, చివర ఫ్లేరు, అంటే కారకుండా కూర్చోడానికి విప్పి మడిచే అంచు, శుభ్రంగా వస్తుంది. వోల్వోవాళ్ళు 1970ల్లోనే వాడడం మొదలుపెట్టింది ఇదే. స్టెయిన్‌లెస్ స్టీలు పేరు వినడానికి బాగుంటుంది గానీ ఇంట్లో ఫ్లేరు చెయ్యడం నరకం. సైజు 4.75 మిల్లీమీటర్లు, అంటే అంగుళంలో పదహారో వంతులు మూడు. 25 అడుగుల చుట్ట, కిలో కూడా తూగదు.

నట్ల విషయంలో తొందరపడకు. జపాన్ మూలం ఉన్న బండ్లకి మామూలుగా 10 మిల్లీమీటర్ల, 1.0 పిచ్ (మరకీ మరకీ మధ్య దూరం) మర నట్టు, చివర డబుల్ ఫ్లేరు, అంటే అంచు రెండు పొరలుగా మడిచినది. యూరప్ బండ్లకి అదే నట్టు సైజుండి చివర బుడగలా ఉబ్బిన ఫ్లేరు రావచ్చు. రెండూ ఒకదానిలో ఒకటి బిగుస్తాయి, కానీ కూర్చోవు, కారతాయి. పాత పైపు ఊడదీసి, చివర బ్రేకు క్లీనరుతో తుడిచి, దాన్ని చూసి నిర్ణయించు.

ఊడదియ్యడం అసలు పరీక్ష. నట్ల మీద తుప్పు వదిలే నూనె ముందురోజు రాత్రి ఒకసారి, పొద్దున్న ఒకసారి కొట్టు. మామూలు ఓపెన్ పానా పెడితే మూలలు అరిగి నట్టు గుండ్రంగా అయిపోతుంది. పైపు దూరడానికి చీలిక ఉన్న ఫ్లేర్ నట్ పానా పెట్టాలి. ముందు కొంచెం బిగించి, తర్వాత విప్పు. కదలకపోతే పైపు నట్టు దగ్గరే కోసెయ్యి, ఎలాగూ పారేసేదే. అప్పుడు ఆరు మూలల సాకెట్ నిండుగా కూర్చుంటుంది. రబ్బరు హోసు దగ్గర హోసు షట్కోణాన్ని రెండో పానాతో పట్టుకోవాలి, లేకపోతే హోసు మెలితిరిగి లోపల చిరుగుతుంది. హోసు మీద సన్న పగుళ్ళు కనబడితే దాన్నీ మార్చు. మంట పెట్టొద్దు, బ్రేక్ ఆయిల్ అంటుకుంటుంది.

ఒక చిట్కా. పైపు విప్పేముందు పెడల్‌ని ఒక అంగుళం నొక్కి, సీటుకీ దానికీ మధ్య కర్ర అడ్డం పెట్టు. మాస్టర్ సిలిండర్లో చిన్న రంధ్రం మూసుకుని, బ్రేక్ ఆయిల్ ట్యాంకులో ఉన్నది కారకుండా నిలుస్తుంది. బ్రేకు లైటు వెలుగుతూ ఉంటుంది కాబట్టి బ్యాటరీ వైరు తీసెయ్యి.

పాత పైపుని వంపులు చెడకుండా బయటికి తీసి, నేల మీద పరిచి, పక్కన దారం వేసి కొలువు. కొత్తది రెండు మూడు సెంటీమీటర్లు ఎక్కువ ఉంచి కొయ్యి. కోతకి పైపు కట్టరే, హాక్సా బ్లేడు కాదు. కట్టరు ఒక్కసారి బిగించి గట్టిగా తిప్పితే పైపు నోరు ముడుచుకుంటుంది. ప్రతి చుట్టుకీ కొంచెం కొంచెం బిగించు. లోపల అంచు గీకి, బయట అంచు కాస్త వాలు చేసి, రజను పోయేలా గాలి కొట్టు.

ఇక ఫ్లేరు. అన్నిటికంటే ముందు నట్టు పైపులోకి ఎక్కించు. ఇది మర్చిపోయి ఫ్లేరు చేసేసి తల పట్టుకోనివాడు లేడు. ఫ్లేరు పరికరం అచ్చులో పైపు బిగించేటప్పుడు, దానితో వచ్చే చిన్న బిళ్ళకున్న మెట్టు ఎత్తు ఎంతో అంతే పైపు బయటికి ఉండాలి. తక్కువైతే అంచు మడవదు, ఎక్కువైతే వంకరగా మడుస్తుంది. చివర ఒక చుక్క బ్రేక్ ఆయిల్ వేసి, బిళ్ళ పెట్టి చివరిదాకా తిప్పు. బిళ్ళ తీస్తే పైపు చివర చిన్న పుట్టగొడుగులా కనిపిస్తుంది. ఇప్పుడు బిళ్ళ లేకుండా శంకువుతో నొక్కితే అంచు లోపలికి మడిచి రెండు పొరలవుతుంది. ఏసీ మెకానిక్ పరికరం ఈ రెండో మడత చెయ్యదు, ఒక్క పొరే వస్తుంది. దాన్ని అరువు తెచ్చుకోకు. ఫ్లేరు ఒక పక్కకి ఒరిగితే కోత వంకరగా ఉందని అర్థం. అంచున పగులు కనబడితే కోసి మళ్ళీ చెయ్యి. తుక్కు ముక్కల మీద నాలుగైదు చేశాకే అసలు పైపు ముట్టుకో.

వంపులు చేత్తోనే, బొటనవేలు ఆనించి మెల్లగా. మాస్టర్ సిలిండర్ దగ్గర కంపెనీవాళ్ళు పెట్టిన చుట్లు అలంకారానికి కావు, అదురుని మింగడానికి. కొత్తదాంట్లోనూ ఉంచు. సైలెన్సరు పైపుకి దూరంగా పోనివ్వు, పాత క్లిప్పుల స్థానాలన్నిట్లో పట్టు ఉండాలి. నట్టు మొదటి మూడు మరలు వేళ్ళతోనే ఎక్కాలి. తర్వాత సుమారు 15 న్యూటన్ మీటర్లు చాలు. కారుతోందని ఇంకా బిగిస్తూ పోతే ఫ్లేరు నలిగిపోతుంది. ఒకసారి వదులు చేసి మళ్ళీ బిగిస్తే చాలాసార్లు కూర్చుంటుంది.

పైపుల్లో చేరిన గాలి తియ్యడానికి నీకు ఇంకో మనిషి కావాలి, కానీ నాన్నని పెడల్ దగ్గర కూర్చోబెడితే ఆవేశంగా కింద దాకా తొక్కేస్తారు. పాత మాస్టర్ సిలిండర్లో రబ్బరు సీళ్ళు ఎప్పుడూ నడవని చోటికి వెళ్ళి చిరుగుతాయి. పెడల్ కింద చెక్క దిమ్మ పెట్టు. బ్రేక్ ఆయిల్ ట్యాంకు మూత మీద రాసిన డాట్ నంబరు (ఆయిల్ రకం) చూసి సీలు తియ్యని ఆయిల్ ఒక లీటరు తెచ్చుకో. డాట్ 3, డాట్ 4 కలిసినా ఫర్వాలేదు, డాట్ 5 మాత్రం సిలికాన్, వద్దు. ఎప్పుడో తెరిచిన సీసా వాడకు, గాలిలో తేమ పీలుస్తుంది. తాజా డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, నీరు చేరితే అది 155కి పడిపోవచ్చు. కుడి స్టీరింగు బండికి దూరమైనది వెనక ఎడమ చక్రం, అక్కడ మొదలుపెట్టు. సర్క్యూట్లు ఐమూలగా (ముందు ఒక పక్క చక్రం, వెనక రెండో పక్కది) ఉన్నాయేమో, తర్వాతి వరస ఏమిటో బండి పుస్తకంలో చూడు. తొక్కి పట్టుకో, చక్రం దగ్గర గాలి బయటికి వదిలే నిపుల్ విప్పు, బిగించు, అప్పుడు పెడల్ వదులు. బ్రేక్ ఆయిల్ ట్యాంకు ఎండనివ్వకు. ఆయిల్ ఒంటిమీద, బండి రంగుమీద పడితే వెంటనే నీళ్ళతో కడుగు, రంగు లేచిపోతుంది.

చివర ఇంజను ఆన్ చేసి, ఒక నిమిషం గట్టిగా తొక్కి పట్టుకో. పెడల్ మెల్లగా కిందికి జారితే ఎక్కడో కారుతోంది. ప్రతి నట్టునీ పొడి పేపరుతో తుడిచి చూడు, ఒక రాత్రి ఆగి మళ్ళీ చూడు. తర్వాతే వీధిలో, గంటకి పది కిలోమీటర్ల లోపు.

పైపు చుట్ట, ఫ్లేరు పరికరం, నట్లు పన్నెండు, పానా ఒకటి సంక్రాంతికి విశాఖ వచ్చే మనవాళ్ళ పెట్టెలో పెడుతున్నాను. నువ్వు చేసిన మొదటి ఫ్లేరు బిగించేముందు దగ్గర్నుంచి ఫొటో తీసి పంపు. అమ్మకీ నాన్నకీ నమస్కారాలు.

మీ అన్నయ్య