మా బుజ్జిగాడి కోసం పరిగెత్తినవాళ్లందరికీ

నెల క్రితం మా నాలుగేళ్లవాడికి రోజుకు నాలుగైదుసార్లు నిక్కర్లోనే మోషన్ అయిపోతుంటే, మంచి పిల్లల డాక్టరు ఎవరని మా కాలనీలో అందరినీ అడిగాను. ఇప్పుడు వాడు బాగున్నాడు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పడం కుదరక ఇలా రాస్తున్నాను.

ముందుగా, నంబరిచ్చి ఊరుకోకుండా పొద్దున్నే వెళ్లి టోకెన్ కూడా తీసిన అన్నయ్యకి. మేం విరేచనాలనుకుని ఆగే మందు పోస్తున్నాం. అంతకుముందు చూపించిన చోట ఎక్స్‌రే తీసి గ్యాస్ అన్నారు. ఈ డాక్టరుగారు మాత్రం పొట్ట నొక్కి చూసి, ఎడమవైపు కింద నా వేళ్లు కూడా పెట్టించారు. రాయిలా ఏదో తగిలింది. మలం అక్కడ గడ్డకట్టి, పల్చటిది దాని పక్కల నుంచి కారుతోందట. అంటే మలబద్ధకం!

ఇంకో ఎక్స్‌రే తీయమని నేనే పట్టుబట్టాను. మామూలు మలబద్ధకానికి అది అక్కర్లేదు, ఒకే ఫిల్మ్ ఇద్దరు చూస్తే రెండు మాటలు చెబుతారు అన్నారు. రేడియేషన్ లేని అల్ట్రాసౌండ్ చాలన్నారు. దానికి మూత్రసంచి నిండుగా ఉండాలి, వీడేమో ఆగడు. జెల్లీ చల్లగా ఉందని ఏడుస్తుంటే ముందు వాడి బొమ్మకారుకి రాసి స్కాన్ చేసిన సిస్టర్‌కి దండం. తెరమీద మూత్రసంచి వెనకాల ఆ గడ్డకట్టిన మలం నెలవంకలా తెల్లగా మెరిసింది, దాని కింద నీడ. మలాశయం వెడల్పు 44 మిల్లీమీటర్లు. 30 దాటితే సాగినట్టే లెక్కట.

ఇక మా అమ్మ. పేగు చివర నరాల కణాలు లేకుండా పుట్టే హిర్ష్‌స్ప్రంగ్ జబ్బని అనుమానమొస్తే ఎక్స్‌రేలో తెల్లగా కనిపించే బేరియం మందును మలద్వారం గుండా ఎక్కించి ఎక్స్‌రేలు తీయాలి, చివరికి ముక్క తీసి పరీక్షించాలి. ఆ జబ్బుంటే పుట్టాక మొదటి నల్ల మోషన్ ఆలస్యమవుతుందట, అందుకే పుట్టిన 48 గంటల్లో అది అయిందా అని డాక్టరుగారు అడిగారు. ఆపరేషన్ మత్తులో ఉన్న నాకేం గుర్తు? ఫోన్ చేస్తే, "ఆ రాత్రే మూడు పొత్తిగుడ్డలు ఉతికానే, తారులా ఓ పట్టాన వదల్లేదు" అంది. ఎదుగుదల కూడా బాగుంది కాబట్టి బేరియం అక్కర్లేదన్నారు.

ఇప్పుడు రోజూ నీళ్లలో కలిపే పొడి, పాలు తగ్గించడం, అన్నం తిన్నాక కాళ్ల కింద పీట వేసి పది నిమిషాలు కూర్చోబెట్టడం. పొడి మాత్రం నెలల తరబడి ఆపొద్దన్నారు.

పీట ఇచ్చిన పైఇంటి అక్కా, అది ఇప్పట్లో తిరిగి ఇవ్వలేను. వాడు దానిమీద స్కెచ్ పెన్నుతో కారు గీసేశాడు.