మంత్రి గారూ, కొత్త విండోస్ తెమ్మన్నారు, తెచ్చాం. మా పాత తెలుగు ఫైళ్లు ఎవరు తెరుస్తారు?

అయ్యా, నమస్కారం.

ఈ విషయం మీద మీకు వినతిపత్రాలు ఇచ్చి ఇచ్చి మాకే విసుగొచ్చింది. ఇచ్చిన ప్రతిసారీ మీ పేషీలో సీలు కొట్టి రసీదు చేతిలో పెడతారు, ఆ మర్యాదకి లోటు లేదు. జవాబే రాదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నా. మీ శాఖ పేరూ, ఆఫీసుల పేర్లూ రాయడం లేదు. ఎవరినీ బజారుకి లాగాలని కాదు, మాకు పని కావాలి, అంతే.

మొన్నటి మీటింగ్‌లో ఏమన్నారో మీకు గుర్తుందనే అనుకుంటున్నా. ఇకమీదట తెలుగు మేటర్ అంతా యూనికోడ్‌లోనే, అంటే ఏ కంప్యూటర్‌లో అయినా తెలుగు తెలుగుగానే ఉండే పద్ధతిలోనే తీసుకుంటాం, ఆఫీసుల్లో పాత విండోస్ ఉంచం, డీటీపీ వాళ్లు, అంటే అచ్చుకి మేటర్ కొట్టి పేజీలు కట్టే మాలాంటివాళ్లు కూడా మారాలి, పాత ఫైళ్లని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్ మేమే ఫ్రీగా ఇస్తాం, తిరుపతిలోనే ట్రైనింగ్ పెడతాం. అందరం చప్పట్లు కొట్టాం, నేను కాస్త గట్టిగానే కొట్టాను. తీరా చూస్తే రూల్ మాత్రం వచ్చేసింది. కన్వర్టర్ రాలేదు, ట్రైనింగ్ రాలేదు. "పైనుంచి రావాలి" అంటారు మీ వాళ్లు. తిరుపతిలో పైన అంటే మాకు తెలిసింది కొండే సార్, మరి మేం ఎక్కడికి పోయి అడగాలి?

విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. అది మీ తప్పు కాదు, ఆ కంపెనీ ముందే చెప్పింది కూడా. కావాలంటే ఇంకో ఏడాది, అంటే 2026 అక్టోబర్ 13 దాకా, సెక్యూరిటీ అప్‌డేట్లు తీసుకునే ఏర్పాటు ఉంది. ఆ సంగతి చెప్తే మీ కింది ఆఫీసులో ఒకాయన నా వైపు అనుమానంగా చూశాడు. విండోస్ 10 సిస్టమ్ నుంచి వచ్చిన పెన్‌డ్రైవ్ మా కంప్యూటర్‌లో పెట్టం, వైరస్ వస్తుంది అన్నాడు. సరే, విండోస్ 11 వేద్దామా అంటే దానికి టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపు ఎనిమిదో జనరేషన్ నుంచి పైది ఉండాలి. నా సిస్టమ్ ఆరో జనరేషన్ ఐ5. నిక్షేపంగా పనిచేస్తోంది, ఫ్యాన్ తప్ప ఇంకేమీ అరవదు. దాన్ని పక్కన పెట్టి అప్పు చేసి కొత్తది కొన్నాను, ఎందుకంటే జూన్‌లో స్కూళ్ల పని, దాని వెనకే మీ ఆఫీసుల పని, రెండూ పోతే అంగడి అద్దె కట్టలేను.

కొత్త సిస్టమ్ వచ్చింది, బాగుంది, మెరిసిపోతోంది. ఇప్పుడు అసలు కథ.

మా ఊళ్లో డీటీపీ అంటే పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ 7. అది 2001లో వచ్చింది, దాని తర్వాత ఇంకో వెర్షన్ రాలేదు. పాతికేళ్ల నాటి సాఫ్ట్‌వేర్ ఇంకా వాడతారా అని మీ టెక్నికల్ సలహాదారు నవ్వాడట, నాకు తెలిసింది. నవ్వనీ. పెళ్లి పత్రిక, కరపత్రం, బిల్లు బుక్కు, పద్యాల పుస్తకం, పంచాయతీ నోటీసు, అన్నీ అందులోనే నడిచాయి. ఎందుకంటే మా తెలుగు ఫాంట్లు అందులోనే సరిగ్గా కూర్చునేవి. యాపిల్ అని పిలిచే తెలుగు కీబోర్డు లేఅవుట్ మీద చెయ్యి తిరిగినవాడు కళ్లు మూసుకుని కొట్టేవాడు. కొత్త సిస్టమ్‌లో దాన్ని ఎక్కించాలంటే అడ్మినిస్ట్రేటర్‌గా రన్ చెయ్యాలి, కంపాటిబిలిటీ మోడ్‌లో పాత విండోస్ ఎక్స్‌పీ అని పెట్టాలి, అప్పుడు కూడా దాని బుద్ధి పుట్టాలి. తెరుచుకుంటుంది, సంతోషపడేలోపు పీడీఎఫ్ చెయ్యబోతే పోస్ట్‌స్క్రిప్ట్ ప్రింటర్ లేదంటుంది. ఆ ప్రింటర్ డ్రైవర్ ఎక్కిస్తే ఫాంట్ దొరకలేదంటుంది. ఫాంట్ ఎక్కిస్తే తెలుగు కొట్టించే కీబోర్డు మేనేజర్ లేవదు. మా ఫాంట్ల కంపెనీకి ఫోన్ చేస్తే కొత్త వెర్షన్ కొనుక్కోమన్నారు, ఆ రేటు విని ఫోన్ పెట్టేశాను. చివరికి ఏం చేశానంటే, కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ని నడిపే వర్చువల్‌బాక్స్ అని ఒకటి ఉంది, దాంట్లో ఒక పాత విండోస్ ఎక్కించి, కొత్త విండోస్ కడుపులో పాత విండోస్‌ని పెట్టుకుని పని లాగుతున్నా. మీరు వద్దన్నదే లోపల దాచుకుని, మీరు కావాలన్నది పైన చూపిస్తున్నా.

ఇంతవరకూ మా తిప్పలు మేం పడతాం సార్, ఎప్పుడూ పడేవే. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్‌లో సపోర్ట్ ఆగినప్పుడూ పడ్డాం. నేను చెప్పేది అది కాదు. పాత ఫైళ్ల సంగతి.

ఒక పుస్తకం. పేరు చెప్పను. మన చుట్టుపక్కల చెరువులు, గుళ్లు, శాసనాలు, ఊళ్ల పేర్ల వెనక కథలు ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు ఊరూరా తిరిగి రాసుకొచ్చిన మేటర్. అప్పట్లో నేనే కొట్టాను, నేనే పేజీలు కట్టాను, మాస్టారు నా పక్కనే కుర్చీ వేసుకుని ప్రూఫు చూశారు. ఆయన ఇప్పుడు లేరు. రాతప్రతి వాళ్లింట్లో లేదు, చెదలు పట్టి పారేశారంట. ఇప్పుడు మీ కింది ఆఫీసు ఒకటి ఆ పుస్తకం మళ్లీ వెయ్యాలనుకుంది. మంచిదే, నిజంగా మంచిదే, ఆ ఆలోచన చేసినవారికి దండం పెడతాను. జిల్లా పేరు మారింది కదా, 2022 ఏప్రిల్ 4 నుంచి తిరుపతి జిల్లా వేరు, చిత్తూరు జిల్లా వేరు, శ్రీకాళహస్తి ఇటు, నగరి అటు. ఆ మార్పులు చేసి, యూనికోడ్‌లో ఎడిట్ చేసుకునే ఫైలు ఇవ్వమన్నారు. బిల్లు మాత్రం "కరెక్షన్ల చార్జీ" కింద ఇస్తారట. పాత ఫైలు ఉందిగా, చిన్న మార్పులేగా అన్నారు.

చిన్న మార్పులు! మీకు ఈ ఫాంట్ల సంగతి తెలిసే ఉంటుంది, అయినా చెప్తా, మీ ఆఫీసు వాళ్లకి మాత్రం తెలియడం లేదు. మా పాత ఫాంట్లలో తెలుగు అక్షరం అనేది కంప్యూటర్‌కి తెలుగు కాదు. ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల స్థానంలో తెలుగు ముక్కలు కూర్చోబెట్టారు. తలకట్టు ఒక ముక్క, గుడి ఒక ముక్క, వత్తు ఒక ముక్క. "మ" అనే అక్షరం కూడా ఒక్కటి కాదు, "వ" ముక్క పక్కన కొమ్ము ముక్క పెడితే "మ" లాగా కనబడుతుంది. ఫాంట్ తీసేస్తే స్క్రీన్ మీద మిగిలేది సమానం గుర్తులు, డాలర్ గుర్తులు, టోపీ పెట్టుకున్న ఇంగ్లీషు అక్షరాలు. మాస్టారి శాసనాల అధ్యాయం మొత్తం ఇప్పుడు నా కొత్త సిస్టమ్‌లో అలాగే ఉంది.

నెట్‌లో ఫ్రీ కన్వర్టర్లు లేవా అంటారు. ఉన్నాయి, అన్నీ వేసి చూశాను. మామూలు వాక్యం అయితే చాలావరకు వస్తుంది. కానీ ఈ పుస్తకంలో ఉన్నది మామూలు వాక్యాలా? సంస్కృత శ్లోకాలు, శాసన పాఠాలు, రెండేసి వత్తులున్న అక్షరాలు, పాత ఊరి పేర్లు. "మ" వచ్చిన చోట "వు" వస్తోంది, వత్తు పక్క అక్షరానికి ఎగిరి తగులుకుంటోంది, బ్రాకెట్ ఉన్నచోట సున్నా వస్తోంది, విసర్గ మాయమైపోతోంది. తప్పు కనబడితే దిద్దుకోవచ్చు. కనబడని తప్పు సంగతేంటి? ఊరి పేరులో ఒక్క అక్షరం మారితే అది ఇంకో ఊరు సార్. దిద్దేవాడికి అసలు పేరు తెలియకపోతే తప్పే అచ్చులోకి పోతుంది, పైగా ప్రభుత్వం వేసిన పుస్తకం కాబట్టి రేపు అదే సాక్ష్యం అవుతుంది.

లిబ్రే ఆఫీసు అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో తెరవచ్చని మీ వాళ్లలో ఒక కుర్రాడు చెప్పాడు, తెలివైనవాడే, పాపం మనసు పెట్టి విన్నవాడు కూడా అతనొక్కడే. నిజమే, 2015లో వచ్చిన 4.4 వెర్షన్ నుంచి అది పేజ్‌మేకర్ ఫైళ్లు తెరుస్తుంది. తెరిచాను. పేజీలు వచ్చాయి, బొమ్మలు కొన్ని వచ్చాయి, మేటర్ మాత్రం మళ్లీ అవే గుర్తులు. ఎందుకు రాదు మరి, లోపల ఉన్నదే అవి కదా. అటునుంచి చేద్దామంటే ఇంకో తంటా, యూనికోడ్ మేటర్ తెచ్చి పేజ్‌మేకర్‌లో వేస్తే ప్రశ్నార్థకాలు వస్తాయి, దానికి యూనికోడ్ అంటే ఏంటో తెలియదు. పేజీలు కట్టే కొత్త సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌కి పోవాలంటే నెలనెలా కట్టాలి, దాంట్లో కూడా వరల్డ్-రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ ఎంచుకోకపోతే వత్తులు విడివిడిగా పడతాయి, అది చెప్పే దిక్కు లేక మా పక్క అంగడి అతను యూనికోడ్ అంటేనే దండం పెట్టేశాడు. ఈ ఒక్క ముక్క మీ ట్రైనింగ్‌లో చెప్పుంటే చాలు, అతని వారం పని మిగిలేది. అలాంటిదే స్క్రైబస్ అని ఇంకోటి ఫ్రీ, ఇప్పుడు తెలుగు బాగానే కూర్చుంటోంది. అదైనా నేర్పించండి అని రాశాం. దానికీ రసీదు ఇచ్చారు.

బొమ్మలు, ఫ్లెక్సీలు చేసే సాఫ్ట్‌వేర్ కోరెల్ సంగతి క్లుప్తంగా చెప్పి వదిలేస్తా. ఫ్లెక్సీ వాళ్ల దగ్గర పాత వెర్షన్, మా దగ్గర కొత్తది, కొత్తదాంట్లో సేవ్ చేసింది పాతదాంట్లో తెరుచుకోదు, అందుకని పాత వెర్షన్‌కి దించి, అక్షరాలన్నీ కర్వ్స్, అంటే బొమ్మ గీతలుగా చేసి పంపుతాం. కర్వ్స్ చేస్తే ఫాంట్ గొడవ లేదు, కానీ తర్వాత ఒక్క అక్షరం మార్చాలన్నా కుదరదు. గంగమ్మ జాతర ఫ్లెక్సీకి అది చాలు. జాతర అయిపోతే ఫ్లెక్సీ పని అయిపోతుంది. పుస్తకం అలా కాదు కదా.

నాకు బాధ ఎక్కడంటే, యూనికోడ్ వద్దని మేం ఎప్పుడూ అనలేదు. యూనికోడ్‌లో తెలుగు 1991లో మొదటి వెర్షన్ నుంచే ఉంది, మేమే ఆలస్యంగా దారికొచ్చాం, సరే. ఇప్పుడు మండలి, రామభద్ర, గురజాడ లాంటి ఫాంట్లు ఫ్రీగా దొరుకుతున్నాయి, ధూర్జటి పేరుతో కూడా ఒక ఫాంట్ ఉంది, మన శ్రీకాళహస్తి కవి కదా అని నేను పెళ్లి పత్రికల్లో ముందు దాన్నే చూపిస్తా. 2012 డిసెంబర్‌లో నాలుగో ప్రపంచ తెలుగు మహాసభలు ఈ తిరుపతిలోనే జరిగాయి. అప్పటి మా ఫైళ్లు నా పాత హార్డ్‌డిస్కులో ఇంకా ఉన్నాయి, అన్నీ పాత ఫాంట్లే. తెలుగు పండగకి కొట్టిన మేటర్ కూడా ఇవాళ తెలుగుగా చదవబడదు, చూడండి. ఇలా ఈ ఊళ్లో ఎన్ని అంగళ్లలో ఎన్ని డిస్కులు ఉన్నాయో. గాంధీ రోడ్డులో, కొర్లగుంటలో, చిత్తూరులో, పుత్తూరులో అడిగి చూడండి. ఒక్కొక్కడు రిటైరవుతున్నాడు, అంగడి ఖాళీ చేసేటప్పుడు సిస్టమ్‌ని స్క్రాప్‌వాడికి కిలోల లెక్కన ఇచ్చేస్తున్నాడు.

మీరేమో సమీక్షలో "వంద శాతం యూనికోడ్" అని చెప్పారని పేపర్లో చదివాం. శభాష్ సార్. ఆ వంద శాతంలో రాత్రిళ్లు కూర్చుని మళ్లీ కొడుతున్న మా వేళ్లు ఉన్నాయి, వాటికి బిల్లు "కరెక్షన్ల చార్జీ".

ఇప్పుడు ఏం కావాలో అడుగుతాను. కన్వర్టర్ ఇవ్వండి, ఇస్తామన్నారు కాబట్టి. ఊరికే ఒకటి నెట్ నుంచి తీసి పెట్టొద్దు, శ్లోకాలు, శాసన పాఠాలు వేసి పరీక్షించి ఇవ్వండి, మా పాత ఫైళ్లు ఎన్ని కావాలంటే అన్ని మేమే ఇస్తాం పరీక్షకి. అది వచ్చేదాకా అచ్చుకి పీడీఎఫ్ తీసుకోండి, అందులో ఫాంట్ లోపలే ఉంటుంది, ఏ విండోస్‌లో అయినా ఒకేలా కనబడుతుంది, వైరస్ భయం ఉంటే మెయిల్‌లో పంపుతాం. మళ్లీ కొట్టాల్సిన పనికి మళ్లీ కొట్టిన రేటు ఇవ్వండి. ప్రూఫు చూడ్డానికి తెలుగు వచ్చినవాళ్లని పెట్టండి, ఎస్వీ యూనివర్సిటీ ఊళ్లోనే ఉంది, తెలుగు ఎమ్మే చదివిన పిల్లలు పని లేక ఉన్నారు, వాళ్లకీ నాలుగు రూపాయలు వస్తాయి. ట్రైనింగ్ విజయవాడలో పెట్టి మమ్మల్ని రమ్మనకండి, ఒకరోజు అంగడి మూస్తే ఆ రోజు పని పక్కవాడికి పోతుంది. ఇంకా చాలా ఉన్నాయి, మీకు టైం లేదని తెలుసు. కన్వర్టర్ మాత్రం మర్చిపోకండి.

మాస్టారి పుస్తకం గడువు ఈ నెలాఖరు అని మీ ఆఫీసు నుంచి నిన్న మళ్లీ ఫోన్ చేశారు. శాసనాల అధ్యాయం నేను కన్వర్టర్‌లో వెయ్యను, పాత అచ్చు కాపీ ఒకటి దొరికింది, దాన్ని చూసి అక్షరం అక్షరం కొడుతున్నా. నెలాఖరుకి కాదు, ఇంకో నెల పడుతుంది. గడువు పెంచుతూ ఒక కాగితం, రేటు మారుస్తూ ఇంకో కాగితం పంపించమని మీ వాళ్లకి చెప్పండి. రెండూ ఒకే కాగితం మీద ఉన్నా పర్వాలేదు. ఏ ఫాంట్‌లో ఉన్నా పర్వాలేదు.

ఇట్లు,
తిరుపతిలో ఒక డీటీపీ అంగడి నడుపుకునేవాడు