కిటికీ పక్క సీటు, గుంటకో చుక్క

ఒరేయ్ మామా,

డల్లాస్ నుంచి డెన్వర్ వెళ్తుంటే కింద పొలాలన్నీ రూపాయి బిళ్ళలు పరిచినట్టు గుండ్రంగా ఉన్నాయి, అవేంట్రా అని అడిగావు. మన ఊరి చెరువు పైనుంచి ఎలా ఉంటుందో చూడాలనీ అన్నావు. రెండూ ఇందులోనే కానిచ్చేస్తా. చాయ్ పెట్టుకొని తీరిగ్గా చదువు.

ఆ బిళ్ళలు ఒగల్లాలా అనే భూగర్భ జలం మీద బతికే పొలాలు. మధ్యలో నీళ్ళు ఎక్కే స్తంభం, దానికి బిగించిన పావు మైలు పైపు, పైపు కింద వరసగా చక్రాలు. గడియారం ముల్లులా తిరుగుతూ నీళ్ళు చల్లుతుంది. నువ్వు దిగిన డెన్వర్‌కి తూర్పున స్ట్రాస్‌బర్గ్ అనే చిన్న ఊళ్ళో వ్యవసాయం చేసిన ఫ్రాంక్ జైబాక్‌కి 1952లో దీని మీద పేటెంట్ వచ్చింది. మైలు బై మైలు గడిలో పావు వంతు 160 ఎకరాలు, అందులో గుండ్రానికి అందేది సుమారు 125. మూలలు ఎండిపోయి ఉంటాయి, కావాలంటే ఈసారి చూడు. పైపు చివరికి వెళ్ళేకొద్దీ తడపాల్సిన నేల ఎక్కువ కాబట్టి నీళ్ళు చిమ్మే మూతుల్ని కూడా పెద్దవి పెడతారు. ఒక మూతి పూడుకుపోయిందనుకో, పంటలో సన్నటి ఎండు చుట్టు గీసినట్టు పడుతుంది. ముప్పై వేల అడుగుల నుంచి కూడా అది ఆనవాలు పట్టొచ్చు.

సీటు సంగతి: రెక్కకి ముందు తీసుకో, వెనకైతే ఇంజిన్ వేడిగాలికి నేల నీళ్ళలో కదిలినట్టు మసకేస్తుంది. ఎండ పడని పక్క కూర్చో. డెన్వర్‌కి పొద్దున వెళ్తే అది ఎడమ పక్క. ముదురు రంగు చొక్కా వేసుకో, లేదంటే ఫొటోలో కింది పొలం బదులు నీ తెల్ల చొక్కానే పడుతుంది. పోలరాయిడ్ కళ్ళద్దాలు తీసెయ్, ఆ ప్లాస్టిక్ కిటికీ మీద ఇంద్రధనుస్సు మరకలు కనిపిస్తాయి.

ఇక మన చెరువు. దానికి విమానం అక్కర్లేదు, యూరప్ వాళ్ళ ఉపగ్రహ చిత్రాలు చూపించే కోపర్నికస్ బ్రౌజర్ అనే వెబ్‌సైట్ తెరువు, ఉచితమే. ఊరి పేరు కొట్టి, సెంటినెల్-2 అనే ఉపగ్రహం, అందులో ఎల్2ఏ (గాలి మసక తీసేసిన చిత్రాలు) ఎంచుకొని, మబ్బుల పరిమితి 10 శాతానికి తగ్గించు. ముందు నవంబర్ చివరి తారీఖు ఒకటి, తర్వాత మే నెలది ఒకటి చూడు. వానాకాలం జోలికి పోకు, మబ్బులు తప్ప ఏమీ ఉండవు. అందులో ఒక చుక్క, అదే పిక్సెల్, 10 మీటర్లు బై 10 మీటర్లు. అంటే దాదాపు మన గుంట! ఎకరానికి నలభై చుక్కలు. మీ నాన్న పొలం ఎన్ని చుక్కలో వేళ్ళ మీద లెక్కపెట్టుకోవచ్చు. కోస్తావాళ్ళకైతే చుక్కకి రెండున్నర సెంట్లు. అయితే అయిదడుగుల గట్టు మాత్రం కనబడదు, అటూ ఇటూ చుక్కల్లో కలిసిపోతుంది. కొల్లేరు చుట్టూ చేపల చెరువులు అక్కడక్కడ అతుక్కుపోయినట్టు కనిపించేదీ అందుకే.

పొరల్లో ‘ఫాల్స్ కలర్’ పెట్టు. పచ్చదనం ఎర్రగా, నీళ్ళు నల్లగా వస్తాయి. ఇప్పుడు చెరువు అంచులు చూడు. ఒక పక్క తీరుగా గీసినట్టుంటుంది, అది కట్ట, మనిషి పని. మిగతా అంచు ఆకు చిరిగినట్టు వంకర్లు పోతుంది, అది నేల వాలు చేసిన పని. కట్టకి అవతల ఎర్రటి పట్టీ ఆయకట్టు. తూము ఎక్కడుందో ఆ ఎరుపు మొదలయ్యే చోటు చెప్పేస్తుంది. అలుగు నుంచి బయల్దేరిన వాగు వెంట పోతే కింది చెరువు దొరుకుతుంది, దాని కింద ఇంకోటి. కాకతీయుల నాటి గొలుసుకట్టు అంటే ఏంటో చదివి తెలుసుకోవడం కంటే ఇలా వేలుతో వెంటాడితే బాగా తెలుస్తుంది, నా మాట నమ్ము.

మోసపోయే చోట్లు కూడా చెప్తా. మబ్బు నీడ అచ్చం చెరువులా నల్లగా ఉంటుంది. పక్కనే అదే ఆకారంలో తెల్ల మబ్బు ఉందేమో వెతుకు. కొత్తగా దున్నిన నల్లరేగడి కూడా నీళ్ళే అనిపిస్తుంది, అనుమానమొస్తే నీళ్ళని విడిగా చూపించే ఎన్‌డీడబ్ల్యూఐ పొర వేసి చూడు. తిరకాసంతా గుర్రపుడెక్కతోనే. చెరువంతా కమ్మేస్తే నీళ్ళు ఎర్రగా మారి పొలంలా నటిస్తాయి. ‘చెరువు మాయమైంది’ అని ఊళ్ళో గ్రూపుల్లో కేకలు పెట్టకముందు ఆ కట్ట గీత ఉందో లేదో చూడు. గీత ఉంటే చెరువూ ఉన్నట్టే.

ఇంకోటి మర్చిపోయా. నల్లమల చూస్తే కొండలు లోయల్లా, లోయలు కొండల్లా కనిపిస్తాయి. కళ్ళ తప్పు కాదు. ఉపగ్రహం పొద్దున పదిన్నర ప్రాంతంలో దాటుతుంది, చలికాలం ఆ వేళకి ఎండ ఆగ్నేయం నుంచి, అంటే బొమ్మ అడుగు నుంచి పడుతుంది. మన మెదడు మాత్రం వెలుగు పైనుంచే వస్తుందనుకుంటుంది. బొమ్మని సేవ్ చేసుకొని తలకిందులుగా తిప్పు, కొండలు టక్కున పైకి లేస్తాయి.

నవంబర్‌దీ మే నెలదీ పక్కపక్కన పెట్టి నాకు పంపు. మన చెరువు ఎన్ని గుంటలు తగ్గిందో నువ్వే లెక్కగట్టి రాయి.

ఉంటా మరి.