బావగారికి, అట్ట చక్రంతో సహా

ఫ్రిస్కో, టెక్సస్
మార్చి 9

బావగారికి నమస్కారాలు.

కవరు విప్పగానే గుండ్రంగా కత్తిరించిన అట్టముక్క ఒకటి జారి కింద పడి ఉంటుంది. పారేయకండి. ఈ ఉత్తరమంతా దాని కోసమే. వాట్సాప్‌లో రెండు ముక్కలు రాసేవాణ్ణే కానీ, ఫోటో పంపితే కొలత తెలియదు. పైగా మీ ఫోను మీ దగ్గర కన్నా అక్క దగ్గరే ఎక్కువ ఉంటుంది.

ఇక్కడ అందరం కులాసా. మీ వీసా వచ్చిందని విన్నప్పటి నుంచి మీ చెల్లెలు మీ గది సర్దుతూనే ఉంది. ఆదివారం సర్దింది బుధవారం మళ్లీ సర్దింది.

విషయానికి వస్తాను. మే నెలలో వచ్చేముందు మీరొకసారి ఏటికొప్పాక వెళ్లి, నాకో చెక్క పళ్లెం చేయించుకు రావాలి, మూతతో సహా. దేవుడి గదిలోకి కాదు. గ్లాసు అంచుకి ఉప్పు అద్దుకోవడానికి.

నవ్వకండి. మార్గరీటా అనే డ్రింకు గురించి ఫోన్లో చెప్పాను కదా. టెకీలా అనే మెక్సికో మద్యం రెండు పాళ్లు, నారింజ రుచి ఉండే తియ్యటి మద్యం ఒక పాలు, నిమ్మరసం ఒక పాలు, ఐసు వేసి గిలక్కొట్టి వడకట్టడం. మీ అనకాపల్లికి బెల్లం ఎలాగో ఈ ఊళ్లకి ఇది అలాగ. 1971లో డాలస్‌లో మరియానో మార్టినెజ్ అనే రెస్టారెంటాయన సాఫ్ట్ సర్వ్ ఐస్‌క్రీమ్ మిషన్‌ని మార్చి, మార్గరీటా మంచుముద్దలా వచ్చే యంత్రం తయారుచేశాడు. ఆ మిషన్ ఇప్పుడు వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ వాళ్ల మ్యూజియంలో ఉంది. మన కల్లు ముంతకి ఆ యోగం ఎప్పుడు పడుతుందో!

ఈ డ్రింకుకి గ్లాసు అంచున ఉప్పు ఉండాలి. జామకాయకి ఉప్పు ఎందుకో దీనికీ అందుకే. నాలుకకి ఉప్పు తగిలితే చేదు వెనక్కి తగ్గుతుంది, తీపి ముందుకొస్తుంది. ఆ ఉప్పు పోసుకునే పళ్లేన్ని ఇక్కడ గ్లాస్ రిమ్మర్ అంటారు. బార్లలో ఎక్కువగా నల్ల ప్లాస్టిక్‌ది కనిపిస్తుంది, విప్పితే మూడు అరలు. ఒకదాంట్లో నిమ్మరసం పీల్చిన స్పాంజి, ఒకదాంట్లో ఉప్పు, మూడోదాంట్లో పంచదార. నేను మొదట కొన్నది అదే. రెండు వారాలకే స్పాంజి కంపు కొట్టింది. బార్లో రోజూ మారుస్తారు, ఇంట్లో ఎవరు మారుస్తారు?

తర్వాత ఆన్‌లైన్లో చెక్కది తెప్పించాను. అకేషియా చెక్క అని గొప్పగా రాశారు. అకేషియా అంటే తుమ్మ జాతే బావగారూ! మనం బండి చక్రాలకీ నాగళ్లకీ వాడిన నల్లతుమ్మకి చుట్టం. మనవైపు తెల్లతుమ్మ బెరడు సారా కాయడానికి పోయేది, ఇక్కడ దాని చుట్టం టెకీలా గ్లాసు కిందకి చేరింది. ఎక్కడికెళ్లినా తుమ్మకి మందు వాసన తప్పలేదు.

చెక్క మంచిదే, గట్టిది. కానీ కొనేటప్పుడు నేను కొలత చూసుకోలేదు. దాని గుంట వెడల్పు నాలుగంగుళాలు, మా మార్గరీటా గ్లాసు మూతి అంతకన్నా పెద్దది. విస్కీ గ్లాసు హాయిగా దిగుతుంది, అసలుది దిగదు. కోడలి గాజులు అత్తగారికి తొడిగినట్టయింది. అలాగే ఎలాగో నెట్టుకొస్తుంటే, ఒక పార్టీ రాత్రి ఓ ఫ్రెండు సాయం చేద్దామని దాన్ని తీసుకెళ్లి డిష్‌వాషర్‌లో పెట్టేశాడు. గంటకు పైగా వేడినీళ్లు, ఆవిరి. పొద్దున్న తీస్తే ఈ చివర నుంచి ఆ చివరికి పగులు. చెక్క తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది, ఒకపక్క ముందు ఆరితే అక్కడ చీలుతుంది. శ్రావణంలో మీ వీధి తలుపు తీయలేక మీరు పడే అవస్థ ఇదే కదా.

అప్పుడు నాకో తెలివైన ఆలోచన వచ్చింది. మా పెళ్లికి అక్క పెట్టిన ఏటికొప్పాక కుంకుమ భరిణెల్లో పెద్దది తీసి, మూత తిరగేసి అందులో ఉప్పు పోశాను. ఎర్రగా మెరుస్తూ ఎంత బాగుందో! వచ్చినవాళ్లంతా ఎక్కడ కొన్నావని అడిగారు. ఆ రాత్రి టేబుల్ మీద టెకీలా ఒలికి ఆ మూత కిందికి చేరింది, ఎవరూ చూసుకోలేదు. పొద్దునకి మూత బల్లకి అతుక్కుపోయింది. ఊడదీసి తుడిస్తే టిష్యూ ఎర్రగా వచ్చింది. లక్క నీళ్లకి చలించదు కానీ ఆల్కహాల్‌కి కరుగుతుంది. ఇక్కడి వడ్రంగులు పాలిష్‌కి వాడే షెల్లాక్ మన లక్కే, దాన్ని వాళ్లు స్పిరిట్‌లో కరిగించే పూస్తారు. ఇదంతా నాకు ముందే తెలుసు, కెమిస్ట్రీ చదివినవాణ్ణి. మీ చెల్లెలు ఆ సంగతి నాకు ఇప్పటికీ గుర్తుచేస్తుంది.

కాబట్టి ఏటికొప్పాకలో మీరు చెప్పాల్సిన మొదటి మాట, లక్క వద్దని. వాళ్లు మిమ్మల్ని వింతగా చూస్తారు. తిరిగే చెక్కకి లక్క కడ్డీ ఆనించగానే రాపిడి వేడికి కరిగి రంగు పరుచుకుంటుందే, చిన్నప్పుడు మనం లక్కపిడతలు కొనడం మానేసి నోరు తెరుచుకుని చూసింది దాన్నే. దాన్నే వద్దంటే ఎలా ఉంటుంది? మరీ నొచ్చుకుంటే మూత మీద గుబ్బకి పసుపు రంగు వేయమనండి, అంతవరకే.

అక్కడివాళ్లు వాడేది అంకుడు కర్ర. తెల్లగా, నున్నగా, చెక్కడానికి వెన్నలా ఉంటుంది కానీ మెత్తన. లక్క లేకపోతే తడి ఇట్టే పీల్చుకుంటుంది. అందుకే పద్ధతి మార్చుకున్నాను. పళ్లెంలో పొడి సరుకే ఉంటుంది, నిమ్మరసం దాని గడప తొక్కదు. బాగా ఆరిన కర్ర అయితే చాలు, పచ్చిది మాత్రం వద్దు. వంటనూనె ఏదీ రాయించకండి, కొన్నాళ్లకి ముక్కవాసన వస్తుంది. కూరగాయల చెక్కలకి రాసే మినరల్ ఆయిల్ ఇక్కడ దొరుకుతుంది, రెండు మూడు పూతలు నేనే పెట్టుకుంటాను.

ఇక అట్ట చక్రం. అది మా గ్లాసు మూతి, నాలుగుంపావు అంగుళాలు. పళ్లెం గుంట లోపల అయిదంగుళాలు ఉండాలి. లోతు అరంగుళం మించకూడదు, మించితే ఉప్పు గ్లాసు మెడ దాకా ఎక్కుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, అడుగు చదునుగా ఉండాలి. గిన్నెలా వంపు ఉంటే ఉప్పంతా మధ్యలోకి జారిపోయి అంచుకి అందదు. ఇది గట్టిగా చెప్పండి, ఎందుకంటే వాళ్ల చెయ్యి వంపు తిప్పడానికే అలవాటుపడి ఉంటుంది. మూత కాస్త వదులుగా కూర్చోవాలి.

అద్దడం మీరొచ్చాక చూపిస్తాను. కానీ ముందే చెబుతున్నాను, మీరు గ్లాసు బోర్లించి ఉప్పులో గుచ్చుతారు. అందరూ అదే చేస్తారు. అలా చేస్తే లోపలి అంచుకి కూడా ఉప్పు అంటుకుని, డ్రింకులోకి జారి పాడుచేస్తుంది. నిమ్మచెక్కతో అంచు బయటివైపు మాత్రమే రుద్దాలి. గ్లాసుని పక్కకి వాల్చి, ఉప్పు మీద నెమ్మదిగా దొర్లించాలి, అదీ సగం చుట్టే. మిగతా సగం ఉత్తది, ఉప్పు వద్దనుకున్నవాళ్లు అటు తిప్పుకుని తాగుతారు. రెండు నిమిషాలు ఆరాక పోసుకోవాలి. మరి వాల్చి దొర్లించేదానికి అయిదంగుళాలు ఎందుకని అడుగుతారు మీరు. దొర్లడానికి చోటు కావాలి కదా! పైగా మా ఇంటికొచ్చేవాళ్లంతా బోర్లించే రకమే.

ఉప్పు మెత్తటిదైతే సముద్రం తాగినట్టుంటుంది. ఇక్కడ గరుకుగా ఉండే కోషర్ సాల్ట్ వాడతాను. సూట్‌కేసులో అరకిలో చోటు మిగిలితే నౌపడ కళ్లుప్పు పట్టుకురండి, బొంబాయి రవ్వ పలుకులా దంచుకుంటాను. మెక్సికో వాళ్లకి తహీన్ అని మిరప, నిమ్మ, ఉప్పు కలిపిన పొడి ఒకటుంది, మన జామకాయల బండి మీది ఉప్పూకారానికి తోబుట్టువు. అది చూసి నేను గుంటూరు కారం కలిపి ఒకసారి పెట్టాను. కారం పెదవికి తగిలితే నోట్లో తగిలినదానికి రెట్టింపు మండుతుందని ఆ రోజే తెలిసింది. ఇప్పుడు ఘాటు తక్కువుండే బ్యాడగి మిరపకాయల కారం వాడుతున్నాను, మూడు చెంచాల ఉప్పుకి ఒక చెంచా కారం, అర చెంచా ఆమ్‌చూర్, చిటికెడు వేయించిన జీలకర్ర పొడి. మీ ఊరి బెల్లం పొడి కూడా ప్రయత్నించాను. గంటలో చెమర్చి బంకలా అయింది. మీరు బాధపడతారని ఇన్నాళ్లూ చెప్పలేదు.

ఎయిర్‌పోర్టులో చెక్క వస్తువు ఉందని డిక్లేర్ చేయండి. ఎక్కడా బెరడు ముక్క, పురుగు తొలిచిన రంధ్రం లేకుండా మీరే ఒకసారి చూసుకోండి. పని చేసినాయన దగ్గర బేరం ఆడకండి, నేను ఇక్కడ పగలగొట్టుకున్నదానికి ఎంత పోశానో చెబితే మీరు అన్నం మానేస్తారు.

అక్క అడిగితే, టేబుల్ మీద కందిపొడి పెట్టుకునే పళ్లెం అని చెప్పండి. అది అబద్ధం కాకుండా రెండు చేయించండి, ఒకటి తనకి. తనదానికి లక్క వేయించొచ్చు.

పిల్లలకి ముద్దులు.

మీ బావమరిది