నీ పార్సిల్ ఇక్కడికే వచ్చింది

హనుమకొండ,
ఆదివారం

బిడ్డా శ్రావణీ,

దీవెనలు. ఇక్కడ అందరం మంచిగనే ఉన్నం. ఎండలే మండిపోతున్నయి. బాపు పొద్దుగాలనే వడ్డేపల్లి చెరువు కట్ట మీద నడిచొచ్చి మళ్ల పొద్దుగూకేదాక గడప దాటుతలేడు. నానమ్మ మోకాళ్లు ఎప్పటి లెక్కనే. మేం ఎన్ని మెసేజ్‌లు పెట్టినా నీ దిక్కు నుంచి బొటనవేలి బొమ్మ తప్ప ఇంకోటి వస్తలేదు. అందుకే కాయితం పట్టిన.

నీ పేరు మీద ఒక పార్సిల్ వచ్చింది. ఆ యాప్‌ల ఇంటి అడ్రసు నువ్వింకా మార్చినట్టు లేవు. నానమ్మకు చీరె పంపినవేమో అనుకొని విప్పిన. చూస్తే నల్ల డబ్బా, దాని మీద ‘ఎమర్జెన్సీ సర్వైవల్ కిట్’ అని పెద్ద అక్షరాలు, పక్కన కొండెక్కుతున్న మొగపిల్లగాని బొమ్మ. ధర 699 రూపాయలు. ఎందుకు తెప్పించినవని నేను అడుగుతలేను. నీ పైసలు, నీ ఇష్టం. కాని ఏఎన్ఎంగ రిటైరైన దాన్ని, మందుల డబ్బా కనవడితే లోపలేమున్నదో చూడకుంట ఎట్లుంట?

మొదలు టార్చ్ లైటు చూసినం. మూడు సన్న సెల్లులు పడతయి. బాపు దాన్ని సాయంత్రం వేసి దేవుని అర్ర గూట్ల పెట్టిండు. అన్నాలు తినే యాళ్లకు బాగనే ఉండె. పండుకునే ముందు చూస్తే ఎదురుంగ ఉన్న గోడ సుత కనవడలే. పైంగ టార్చ్‌ను జెర ఊపితే ఆరిపోతది. బాపు వెనక మూత ఊడదీసి, లోపలి స్ప్రింగు కొసను గీకుడు కాయితంతోటి రుద్ది, స్ప్రింగును కొంచెం గుంజి సాపు చేసిండు. ఇప్పుడు ఊపినా ఆరుతలేదు. సెల్లులు మాత్రం లోపల పెట్టి దాచకు. అవి కారితే స్ప్రింగును తినేస్తయి. కవర్ల చుట్టి పక్కన పెట్టు, కొత్తయి ఇంకో జత ఉంచుకో. అసలైతే నెత్తికి పట్టీతోటి కట్టుకునే లైటు కొనుక్కో, రెండు చేతులు ఖాళీగ ఉంటయి. పంచర్ వేసుకుంటప్పుడు టార్చ్‌ను నోట్ల పట్టుకొని చేస్తవా? పంచర్ అని ఊరికే అన్న.

ఇగ పీపీ. సన్నటి ప్లాస్టిక్‌ది, లోపల గింజ ఉన్నది. నీళ్లల్ల ముంచి ఊదితే గింజ అంటుకొని గాలొస్తున్నది గని సప్పుడు లేదు. గింజ లేని విజిల్ దొరుకుతది, యాభై అరవై రూపాయలు పెడితే వస్తది, అది తీస్కో. మూడుసార్లు ఊది ఆగాలె, మళ్ల మూడుసార్లు. గట్లయితేనే వినేటోళ్లకు ఆపద అని అర్థమైతది.

పీపీ అంటే మామ వాళ్ల సంగతి యాదికొస్తది. 2023 జులై 27న నువ్వు ట్రైనింగని పుణెల ఉంటివి, నీకు ఫోన్ల చెప్పినదంత సగమే. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటల ఒక్క దినంల 649.8 మిల్లీమీటర్ల వాన పడ్డది. మొరంచపల్లిల జనం ఇండ్ల కప్పులు, చెట్లు ఎక్కి కూసుంటే హెలికాప్టర్లు రావలసొచ్చింది. మన దిక్కు నయీంనగర్ నాలా పొంగి మామ వాళ్ల గల్లీలకు తెల్లారకముందే నీళ్లొచ్చినయి. కరెంటు తీసేసిండ్రు. అందరు డాబా ఎక్కిండ్రు. అత్తమ్మ బంగారం, పట్టా పాసుబుక్కు, గ్యాసు బుక్కు ఒక సంచిల ఏసుకొని ఎక్కింది. పైకి పోయినంక చూస్తే చేతిల టీవీ రిమోటు. టీవీ కింద మునిగింది, రిమోటు మాత్రం భద్రం. ఇప్పటికీ షోకేసుల పెట్టింది దాన్ని, పారెయ్యనియ్యది. పక్కింటి పంతులు సారు వాళ్లు మూడు కుక్కపిల్లలను బకెట్ల పెట్టి ఎక్కించిండ్రు గని తాగే నీళ్లు మరిచిండ్రు. చుట్టూ నీళ్లే, నోట్లె పోసుకునేతందుకు చుక్క లేదు. వాన నీళ్లు పట్టుదామంటే డాబా మీద పావురాల రెట్ట. ఆఖరికి అత్తమ్మ చీరె కొంగు సాపి, వాన నీళ్లు పట్టి చెంబుల పిండింది.

మామకు రెండు పూటల ఇన్సులిన్ గద. అది ఫ్రిజ్‌ల ఉన్నది, ఫ్రిజ్ నీళ్లల్ల ఉన్నది. పడవ పొద్దుగూకే ముందు వచ్చింది, అది సుత మొదలు పక్క గల్లీలకే మళ్లింది. చీకటి పడుతున్నది, ఎవరి ఫోన్ల చార్జింగు లేదు. అప్పుడు బంటిగాడు మేడారం జాతరల కొనుక్కున్న పీపీ తీసి ఊదుడు మొదలువెట్టిండు. అంతకుముందు వారం రోజులు ఆ పీపీ కోసమే వాని వీపు మోగింది. ఆ సప్పుడుకు పడవోళ్లు తిరిగొచ్చిండ్రు. దవాఖానకు తీస్కపోయినప్పుడు మామ షుగర్ 400 దాటి ఉన్నది. ఇప్పుడు మామ ఏం జేసిండంటే, వాడుతున్న ఇన్సులిన్‌ను బయటనే చల్లటి జాగల ఉంచుతడు, డాక్టర్ చీటీ నకలు ప్లాస్టిక్ కవర్ల పెట్టి మెట్ల కాడ సంచిల ఏసిండు. 2024 డిసెంబర్ 4న పొద్దున ఏడున్నరకు ములుగు దిక్కు భూకంపమొచ్చి మన గిన్నెలు గలగలమన్నప్పుడు, మామ ఆ సంచితోటే బయటికి ఉరికిండు. అత్తమ్మ ఉత్త చేతులతోటి ఉరికిందట, అది ఇంకో పంచాయితీ.

ఇదంత ఎందుకంటే, నీ డబ్బాల చాకున్నది, తీగ రంపమున్నది, చేపలు పట్టే గాలమున్నది. తాగే నీళ్లకు ఏం లేదు. నీ మందు ఒక్కటి లేదు. ఎవరి పానం కాపాడుదామని ఆ డబ్బా చేసిండ్రో చేసినోళ్లకే తెల్వది. నీకు ఆయాసమున్నది, సల్ఫా గోళీలు పడవు, నీ నెత్తురు ఓ నెగెటివ్. ఈ మూడు ముక్కలు ఒక అట్ట మీద రాసి, నా నంబరు, బాపు నంబరు వేసి టేపు చుట్టి డబ్బా మూతకు అంటించిన. పీకకు.

దిక్సూచి చెప్పుకునేతంత లేదు. చాకు పక్కన పెడితే ముల్లు చాకు దిక్కే తిరుగుతున్నది. రెండిటిని దూరం పెట్టి చూస్తే సరిగనే చూపెడుతున్నది. బాపు ఫోన్‌తోటి సరిచూసిండు.

వెండి రంగు దుప్పటి ఒకటున్నది, చిప్స్ పాకెట్‌ను తిరగేసినట్టు. మడతలు విప్పుతుంటేనే ఒక మూల చినిగింది. ఒంటి వేడిని బయటికి పోనియ్యకుంట తిప్పికొడతది, ఆ మాట నిజమే. కాని కింద నేల గుంజుకునే వేడిని ఆపలేదు, తడి బట్టల మీద కప్పుకుంటే ఉపకారం తక్కువ, లోపల చెమట పట్టి ఇంకా తడుపుతది. పొడి బట్టలు కట్టుకొని, కింద మందంగ ఏదన్నా పరుచుకొని, పైన ఇది కప్పుకోవాలె. నిప్పు దగ్గరికి తీస్కపోవద్దు. తాతయ్య గొంగడి ఇంకా అటక మీదనే ఉన్నది, తడిసినా వెచ్చగ ఉంటది. బరువని నువ్వు మోయవు. కనీసం ఉన్ని షాలు పెట్టుకో.

చెకుముకి పుల్లతోటి బాపుకు మంచిగ పొద్దుపోయింది. మీద నల్ల రంగు గీకేదాక రవ్వ రాలేదు. పేపరుకు అంటుకోలే. నానమ్మ వత్తులకు దాచుకున్న పత్తి ఇస్తే ఒక్క రవ్వకే భగ్గుమన్నది. పత్తికి వాసెలిన్ రాసి చిన్న డబ్బీల కుక్కిన. ఒక ఉండ నాలుగైదు నిమిషాలు మండుతది. అర్రల మాత్రం ముట్టియ్యకు.

నా కోపమంతా కట్టుకట్టే పట్టీ మీద. నెత్తురు ఆగనప్పుడు తిప్పి బిగించేదని పుల్ల పెట్టిండ్రు. నా మోచేతికి మీద కట్టుకొని రెండు చుట్లు తిప్పిన్నో లేదో, ప్లాస్టిక్ తెల్లబడి పటుక్కున విరిగింది. పారేసిన. దెబ్బ తాకితే మొదలు శుభ్రమైన గుడ్డ పెట్టి, పది నిమిషాలు చెయ్యి తియ్యకుంట గట్టిగ ఒత్తు. మధ్యల మధ్యల తీసి చూసుడు బంద్. గాజ్ గుడ్డ, క్రేప్ బ్యాండేజి, ప్లాస్టర్, బెటాడిన్ పెట్టిన. వాళ్లిచ్చిన స్పిరిట్ గుడ్డలు విప్పి చూస్తే ఎండి కాయితాలైనయి.

పాము విషం గుంజుతదని ఒక రబ్బరు మూత సుత ఉన్నది. అది సుత చెత్తబుట్టల ఏసిన. పత్తి చేన్ల నుంచి తాడు బిగించుకొని, బ్లేడుతోటి కోసుకొని వచ్చినోళ్లను ఎంతమందిని చూడలే నేను! కొయ్యొద్దు, పీల్చొద్దు, బిగించొద్దు. ఉంగరాలు, పట్టీలు తీసి, కరిచిన కాలో చెయ్యో కదలకుంట చెక్క కట్టి, 108కు ఫోన్ చేసి, విషానికి సూదిమందు ఉన్న దవాఖానకు పోవాలె. మన దేశంల ఇచ్చే సూదిమందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర నాలుగిటికీ పనిచేస్తది. లడాఖ్ చలిల ఇవన్నీ తిరుగవు అనుకో, అది వేరే సంగతి.

సరే, నోట్లెకెళ్లి వచ్చేసింది కాబట్టి రాస్త. మొన్న కాజీపేటల పెండ్లికి పోతే జ్యోతి చిన్నమ్మ పప్పు వడ్డించుకుంట అందరి ముంగట అన్నది: ‘నీ బిడ్డ బుల్లెట్ మీద లడాఖ్ పోతున్నదట గద, కిరణ్‌గాడు ఫోటో చూసిండు.’ నేను నవ్వి ‘అవు, చెప్పింది’ అన్న. ఆమె ముంగట ఇంకేమంట? ఇంటికొచ్చి ఆలోచిస్తే, నీ సిమ్ము పోస్ట్‌పెయిడ్‌కు మార్చుకున్నవని తమ్ముడు అననే అన్నడు. అక్కడ బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ములు పనిచెయ్యవట. ఇగ ఈ డబ్బా. నేను పోలీసు బిడ్డను కాను గని లెక్కలొస్తయి.

ఇంకోటి సుత మనసుల మెదులుతున్నది. డబ్బాల అద్దాలు పగలగొట్టే ఇనుప పెన్ను ఒకటున్నది, ఆడపిల్లలు ఆత్మరక్షణకు పెట్టుకోవచ్చని రాసిండ్రు. బిడ్డా, కొండల ముచ్చట కాకపోతే, ఎవడన్నా ఎంబడి పడుతున్నడా? గట్లయితే పెన్ను గిన్ను కాదు, 112కు చెయ్యి, మాకు చెయ్యి. బాపు రాత్రికి రాత్రి బయలుదేరుతడు. నువ్వు దాచిన కొద్ది నాకు పిచ్చి పిచ్చి ఆలోచనలొస్తయి.

లడాఖే అయితే అయింది. పోవద్దని నేనంటలేను. హనుమకొండ 300 మీటర్ల ఎత్తు సుత లేదు, లేహ్ 3,500 మీటర్లు. దిగంగనే రెండు రోజులు పండుకోవాలె, బండి ముట్టొద్దు. ఆ తర్వాత సుత పండుకునే జాగ రోజుకు 500 మీటర్ల కన్నా మీదికి పోవద్దు. తలనొప్పి, వాంతులు మొదలైతే ఆడనే ఆగాలె, తగ్గకపోతే కిందికి దిగాలె. దోస్తులు నవ్వుతరని మీదికెక్కకు. కొండ జబ్బుకని దోస్తు ఇచ్చిన గోళీ మింగకు. అది సల్ఫా జాతి మందు, నీ సంగతి చెప్పి డాక్టర్‌ను అడిగినంకనే. పీల్చే మందు రెండు డబ్బాలు పెట్టుకో, ఒకటి ఒంటికి ఆనుకొని లోపలి జేబుల. డబ్బా మరీ చల్లబడితే మందు సరిగ రాదు. పవర్ బ్యాంకు సుత చలికి నీరసపడతది. విమానంలయితే అది చేతి బ్యాగుల పెట్టాలె, చాకు పెద్ద బ్యాగుల పెట్టాలె, తారుమారు చేస్తే ఎయిర్‌పోర్టులనే గుంజుకుంటరు.

డబ్బాల ఇంకా ఓఆర్ఎస్ పాకెట్లు పెట్టిన. పెద్ద పాకెట్ లీటరు నీళ్లకు, సగం సగం కలుపుకోకు. క్లోరిన్ గోళీలున్నయి, ఎన్ని నీళ్లకు ఎన్నో పాకెట్ మీద చదివి వేసి అరగంట ఆగు, గోళీ మింగేది కాదు. మీ దోస్తులు నీళ్లు వడగట్టే గొట్టం కొంటరేమో, అది క్రిములను ఆపుతది గని చేన్ల మందు కలిసిన నీళ్లను బాగుచెయ్యది. పారాసిటమాల్, సెట్రిజిన్, పిన్నీసులు, పదులు ఇరవైలు కలిపి వెయ్యి రూపాయలు సుత పెట్టిన. నెట్టు లేని కాడ నీ ఫోన్ పే ఎవడు చూస్తడు? గాలం తీసేసిన, తమ్ముడు తీసుకున్నడు.

ఇంత సర్దినా ఒకటి తక్కువనే ఉన్నది, అది నువ్వే పెట్టాలె. ఏ తొవ్వన పోతున్నరు, ఏ రాత్రి ఏ ఊర్ల ఉంటరు, ఎన్నడు తిరిగొస్తరు, ఎంబడి ఎవరొస్తున్నరు, వాళ్ల నంబర్లేంది. కాయితం మీద రాసి ఫోటో పంపు. ఫలాన దినం ఫోన్ రాకపోతే ఎవరిని అడగాల్నో తెలిస్తే నేను నిద్రపోత. తెల్వకపోతే జ్యోతి చిన్నమ్మను అడగాలె, అది నాతోటి కాదు.

శనివారం రాజు బెంగళూరు వస్తుండు. డబ్బా, మామిడికాయ తొక్కు, సకినాలు వాని తోటి పంపుతున్న. స్టేషన్‌కు నువ్వే పో, ఆలస్యం జేస్తే సకినాలు వాడే తింటడు. తొక్కు సీసా మూత మీద కవరు కట్టిన, నిలువుగ పట్టుకో, డబ్బా పక్కన పెట్టకు.

బాపుకు పెండ్లిల ముచ్చట చెప్పలే. ఆయన నువ్వు ఆఫీసుల ఫైర్ డ్రిల్లుకు తెప్పించినవనుకుంటుండు, స్ప్రింగు బాగుచేసినందుకు సంబురంగ ఉన్నడు. నువ్వు ఫోన్ చేసినప్పుడు ఆయన ఎత్తితే టార్చ్ లైటు గురించి మాట్లాడు. మధ్యాహ్నం రెండింటికి ఆయన పండుకుంటడు, అప్పుడు నాకు చెయ్యి.

మీ అమ్మ